కారెక్కాక చెప్పే మాట

చేరిన మొదటి నెలలోనే మీ బల్ల మీదికి ఒక సర్క్యులర్ వస్తుంది. "సంబంధిత వర్గాలన్నిటితోనూ సంప్రదింపులు జరిపి నివేదిక పంపవలెను" అని ఉంటుంది. కింద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ సాధారణంగా నిన్నటితో అయిపోయి ఉంటుంది. కంగారు పడకండి. నా ఉద్యోగమంతా అలాగే గడిచింది, నాకేమీ కాలేదు.

మండల విద్యాశాఖాధికారులుగా కొత్తగా వచ్చిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పిల్లలన్నానని ఏమీ అనుకోకండి, నా వయసుకి అందరూ పిల్లలే. రూల్సు రాయను. పరీక్ష పాసై వచ్చారు కాబట్టి అవి మీకు నాకంటే బాగా తెలుసు. నాకు ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో కూడా రాయను. ఆ కథ మావారే పూర్తిగా వినలేదు, మీరెందుకు వినాలి. మీకు ఎవరూ నేర్పని ఒక్క పని గురించి చెబుతాను. కోనసీమలో మనిషి మనసులో మాట బయటికి రప్పించడం ఎలాగన్నది.

ఒక హాలు, ఒక మైకు, నాలుగు వరసల ప్లాస్టిక్ కుర్చీలు ఉంటే అభిప్రాయాలు వాటంతట అవే వచ్చేస్తాయని పైవాళ్ళ నమ్మకం. మన దగ్గర రావు. మన దగ్గర మైకు చేతికిస్తే సన్మానం మొదలవుతుంది. బడివేళలు మార్చాలా అని ఒకసారి ఊరందరినీ పిలిచి అడిగాం. "చాలా మంచి ఆలోచనండి" అని ముక్తకంఠంతో అన్నారు. మర్నాడు కొత్త వేళకి ఒక్క పిల్లాడు రాలేదు. ఇదేమిటని అడిగితే, "మీరంత ప్రేమగా అడిగేరు కదండి, కాదని ఎలా అంటామండి" అన్నారు.

గొడుగు మరిచిపోయే ఆఫీసరు

ఈ విద్య నాకు నేర్పింది నా మొదటి బాస్. ఆయన డివిజను అంతటికీ ఆఫీసరు. ప్రతి మీటింగు తరవాతా గొడుగు మరిచిపోయేవారు. జీపు దాకా వెళ్ళి, "అరెరె, గొడుగు" అని వెనక్కి వచ్చేవారు. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల జనం అసలు మాట మాట్లాడుకుంటూ ఉండేవారు. గొడుగు వెతుక్కునే వంకన ఆయన కావలసిందంతా వినేసేవారు. పాపం ఈయనకి మతిమరుపని డివిజనంతా జాలిపడేది. ఆయన రిటైరైన రోజున టీచర్లందరూ చందాలేసుకుని మంచి గొడుగు కొనిచ్చారు. దాన్ని మాత్రం ఆయన జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్ళారు.

మరో బాస్ ఉండేవారు. ఆయన పద్ధతి వేరు. మీటింగుకి ముందే మినిట్స్ రాసేసి, మీటింగులో అందరిచేతా సంతకాలు పెట్టించేవారు. "సానుకూల స్పందన లభించినది" అన్న వాక్యం ఆయన చేతిరాతలో అచ్చుగుద్దినట్టు ఉండేది. ఆయనకి పైన మంచి పేరు. ఆయన హయాంలో మొదలైన పథకం ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు, ఎందుకంటే ఏదీ నడవలేదు. మీరు ఎవరిలా ఉంటారన్నది మీ ఇష్టం.

ముసాయిదా

నేను రిటైర్మెంటుకి దగ్గరపడిన రోజుల్లో ఉపాధ్యాయుల నమోదు చట్టం మారుస్తామని ఒక ముసాయిదా వచ్చింది. సర్కారు బడైనా ప్రైవేటు బడైనా, తరగతి గదిలో పాఠం చెప్పే ప్రతి మనిషి పేరూ నమోదై ఉండాలి. నమోదు కావాలంటే టీచర్ ట్రైనింగు సర్టిఫికెట్ ఉండాలి. కొన్నేళ్ళకోసారి మళ్ళీ నమోదు చేయించుకోవాలి. పేరు లేనివాళ్ళు గదిలోకి అడుగు పెట్టకూడదు. స్థూలంగా ఇదీ సంగతి.

నన్నడిగితే ఉద్దేశం మంచిదే. డాక్టరుకీ లాయరుకీ నమోదు ఉన్నప్పుడు టీచరుకి ఎందుకుండకూడదు? తనిఖీల్లో నేను చూసిన వింతలు మీరింకా చూడలేదు. కిందటేడాది సైన్సు తప్పినవాడు ఈ ఏడాది సైన్సు చెబుతూ నా కంటపడ్డాడు. నిలదీస్తే, "ఎక్కడ తప్పేనో నాకు బాగా తెలుసండి, అక్కడ జాగ్రత్తగా చెప్తున్నానండి" అన్నాడు. ఇలాంటివాళ్ళని ఆపడానికి చట్టం కావలసిందే. కానీ ఈ ముసాయిదా రాసినవాళ్ళు ఊరి చివర రేకుల షెడ్డులో నడిచే బడిని ఎప్పుడూ చూసినట్టు లేరు.

మా మండలంలో అలాంటి బడి సత్తిరాజు గారిది. కొబ్బరికాయల వ్యాపారం ఆయన వృత్తి, బడి ఆయన సరదా. కాలవ అవతలి ఊళ్ళ పిల్లలకి అదే దగ్గర. అందులో ఒకటీ రెండూ తరగతులు మంగతాయారు టీచరు చూసేది. ఇంటర్ దాకా చదువుకుంది. పెళ్ళైన కొత్తలో కొన్నాళ్ళు ఆ బడిలోనే చెప్పి, ఇల్లు గడవక కువైట్ వెళ్ళింది. అక్కడొక ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ ఏళ్ళకేళ్ళు ఉండిపోయి, తిరిగొచ్చి మళ్ళీ అదే బడిలో చేరింది. ఆవిడ గదిలో పిల్లలు ఏడవరు. జూన్ నెలలో ఒకటో తరగతి తనిఖీకి వెళ్ళినవాళ్ళకి ఆ మాట విలువ తెలుస్తుంది.

ముసాయిదా సంగతి తెలిసి ఆవిడ నా ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సర్టిఫికెట్ లేనోళ్ళని తీసేస్తారంట కదండి మేడంగారూ."

"ఇంకా ఎవర్నీ తీసెయ్యలేదు. ముసాయిదా అది."

"తీసేస్తే నేను మళ్ళీ కువైట్ ఎళ్ళాలండి. మా ఆయన ఆటో మీద ఇల్లు నడవదండి. ఏజెంటప్పుడే ఇంటి చుట్టూ తిరుగుతున్నాడండి. కిందటిసారి నేనెళ్ళేటప్పటికి మా పిల్లకి మాటలు రాలేదండి. తిరిగొచ్చేసరికి నన్ను చూసి ఆంటీ అందండి."

అలా చెప్పి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్ల అప్పటికి తొమ్మిదో తరగతి. తల్లీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని హోంవర్కు చేసుకోవడం నేను కళ్ళారా చూశాను. ఈవిడ మళ్ళీ విమానం ఎక్కడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

"పైనుంచి జాయింట్ డైరెక్టర్ గారే వస్తున్నారు. అందరి అభిప్రాయాలూ వినడానికే మీటింగు. ఇప్పుడు నాతో అన్నావే, ఈ మాటే ఆయనతో చెప్పు" అన్నాను.

"ఆయ్. అలాగేనండి" అంది. ఇక్కడే పుట్టి పెరిగి కూడా ఆ మాట నమ్మాను చూడండి, నన్ననాలి.

అంతా బాగుందండి

జాయింట్ డైరెక్టర్ గారి పేరు శ్రీధర్. అనంతపురం వైపు మనిషి. సూటిగా మాట్లాడతారు, ఎదుటివాళ్ళు కూడా అలాగే మాట్లాడతారనుకుంటారు. మంచి ఆఫీసరు. మావైపు ఎప్పుడూ పనిచెయ్యకపోవడమొకటే ఆయనలో లోటు.

మీటింగు కొత్తపేట దగ్గర ఒక కల్యాణమండపంలో, కాలవ గట్టు మీద. పదింటికి మొదలని కాగితం మీద ఉంది. ఆయనకి ఎదురెళ్ళడానికి సత్తిరాజు గారు తన మనుషులతో పొద్దున్నే జొన్నాడ వెళ్ళి హైవే మీద కాపు కాశారు. అక్కడ కొబ్బరిబొండాలు. దారిలో తెలిసినవాళ్ళింట్లో కాఫీ. మండపంలో పెసరట్టు ఉప్మా, పైన ఇంకో కాఫీ. మైకు ముందుకొచ్చేసరికి ఆయన బెల్టు వదులు చేసుకున్నారు.

తెర మీద క్లాజులు ఒక్కొక్కటే చూపించి, ఓపిగ్గా చదివి, "అభ్యంతరాలుంటే చెప్పండి, మొహమాటం వద్దు" అన్నారు.

ముందు సత్తిరాజు గారు లేచారు. ఈ చట్టం వస్తే ఆయన బడి మూతపడుతుంది. వారం నుంచీ నాకు ఫోన్లు చేసి అదే గోల. అలాంటి మనిషి మైకు పట్టుకుని, "తమరంతటివారు మా ఊరు రావడమే మా అదృష్టమండి. చట్టం దివ్యంగా ఉందండి" అని ఆయనకి శాలువా కప్పారు.

తరవాత ఉపాధ్యాయ సంఘం నాయకుడు మూర్తి మాస్టారు. "ఆ ముసాయిదాని అందరి ముందూ ముక్కలు ముక్కలు చేసేస్తాను మేడం, మీరేమీ అనుకోవద్దు" అని ముందురోజు సాయంత్రం నాకు చెప్పి మరీ వచ్చారు. లేచి, "సమగ్రంగా ఉందండి. చిన్న చిన్నవి ఏమైనా ఉంటే తరవాత మనవి చేసుకుంటామండి" అని కూర్చున్నారు. ఆయన ముక్కలు చేసింది పెసరట్టునే.

వెనక వరసలో ఉన్న మంగతాయారుని నేనే సైగ చేసి లేపాను. మైకు చేతికొచ్చింది. నేను కళ్ళతోనే "చెప్పు, చెప్పు" అంటున్నాను. "సారు ఇంతెండలో వచ్చేరండి. అంతా బాగుందండి" అని మైకు పక్కావిడకి ఇచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

భోజనాల వేళ కాకుండానే చట్టం గట్టెక్కేసింది. శ్రీధర్ గారి మొహం వెలిగిపోతోంది.

"మేడం, ఇంత ముందుచూపున్న జనాన్ని నేనెక్కడా చూడ్లేదు. ఏకగ్రీవం అని రాసుకుంటున్నా."

"రాసుకోకండి సార్. వీళ్ళలో ఒక్కరికి కూడా ఇది ఇష్టం లేదు."

"మరి అడిగితే చెప్పలేదే?"

"మీరు ఇంటికొచ్చిన చుట్టం సార్. చుట్టం మొహం మీద కాదనరు."

"నేను చుట్టాన్ని కాదు మేడం, గవర్నమెంటుని."

"పెసరట్టు తిన్నారు కదా సార్. తిన్నాక చుట్టమే."

ఆయన నా వంక జాలిగా చూసి పెన్ను మూత పెట్టుకున్నారు. రిటైర్మెంటు దగ్గర్లో ఉన్న ఆడమనిషి చాదస్తం అనుకున్నారని నాకు అర్థమైంది.

బూరెలు

భోజనంలో పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముద్దపప్పు, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు. శ్రీధర్ గారు మొదటి బూరె ఇష్టంగా తిన్నారు. రెండోది మర్యాదకి తిన్నారు. మూడోది వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు, నిజంగా చాలు" అన్నారు. సత్తిరాజు గారు స్వయంగా వచ్చి, "మా ఇంటావిడ తమరి కోసమే చేసిందండి. ఇదొక్కటీ తీసుకోపోతే చిన్నబుచ్చుకుంటుందండి" అని చేతివేళ్ళ సందులోంచి బూరె జారవిడిచి, దాని నెత్తిన చిల్లు పొడిచి నెయ్యి కూడా పోశారు. శ్రీధర్ గారు కళ్ళు మూసుకుని తిన్నారు.

చేతులు కడుక్కునే చోట ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఇంతకంటే మంచి సమయం దొరకదని దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆ మూడో బూరె మీకు తినాలని ఉందా?"

"అసలు లేదు మేడం. ఊపిరాడ్డం లేదు."

"మరెందుకు తిన్నారు?"

"అంత ప్రేమగా పెడితే వద్దంటే బాగుండదు కదా."

"పొద్దున హాల్లో జరిగింది కూడా అదే సార్."

ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. తరవాత నెమ్మదిగా, "అట్లయితే వీళ్ళు నిజం ఎప్పుడు చెప్తారు?" అని అడిగారు.

నా సర్వీసులో ఒక పైఆఫీసరు నన్నడిగిన అత్యుత్తమమైన ప్రశ్న అది. "మీరు కారెక్కాక చెబుతారు సార్" అన్నాను. "అప్పటికి మర్యాదలన్నీ జరిగిపోతాయి. మీరు వెళ్ళిపోతున్న మనిషి. ఇంక మీ మనసు నొచ్చుకున్నా వాళ్ళ ఇంట్లో కాదు, దార్లో."

నడిచే కారు

ఆయన కారెక్కి అద్దం దించుకున్నారు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. సాగనంపడానికి జనమంతా చుట్టూ చేరారు. సత్తిరాజు గారు కిటికీలోంచి తల లోపలికి పెట్టారు.

"ఒక్క చిన్న మాటండి. దార్లో తీరిగ్గా ఆలోచించుకోడానికండి."

"చెప్పండి."

"ఈ చట్టం ఘోరమైన అన్యాయమండి."

శ్రీధర్ గారు నా వంక చూశారు. నేను కాలవ వంక చూశాను.

"ట్రైనింగు ఐనోళ్ళెవరూ మా రేకుల షెడ్డుకి రారండి" అని సత్తిరాజు గారు మొదలుపెట్టారు. "వచ్చినా వాళ్ళడిగే జీతం నేనివ్వలేనండి. బడి మూసేసి అందులో కొబ్బరికాయలు పోసుకుంటానండి, నాకేం నష్టం లేదు. కాలవవతలి పిల్లలెక్కడికి ఎళ్తారండి?"

ఇది రాసుకుందామని శ్రీధర్ గారు కాగితాలు తీసి, డ్రైవరుని ఇంజను ఆపమన్నారు. ఆగిందో లేదో సత్తిరాజు గారి మొహం మారిపోయింది. "అయ్యో, దిగుతారాండి? కాఫీ పెట్టించమంటారా?" అన్నారు. చట్టం మాట ఆవిరైపోయింది. నేను డ్రైవరు భుజం మీద తట్టి మళ్ళీ స్టార్ట్ చేయించాను. ఇంజను చప్పుడు వినగానే సత్తిరాజు గారు, "అదేనండి, అన్యాయమంటున్నానండి" అని ఆపిన చోటి నుంచి అందుకున్నారు.

తరవాత మూర్తి మాస్టారు. "నా వయసుకి మళ్ళీ మళ్ళీ నమోదు ఏమిటండి? ఆ ఆఫీసులో కూర్చునేది నేను పాఠం చెప్పిన కుర్రాళ్ళేనండి. వాళ్ళు నన్ను సర్టిఫికెట్ చూపించమంటే నా పరువేం కావాలండి?" అన్నారు. ముందురోజు చేస్తానన్న ముక్కలన్నీ అప్పుడు చేశారు. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు కూడా.

కానీ కారు ఎంతసేపని అక్కడే ఉంటుంది? కదలకపోతే ఈయన వెళ్ళడం లేదేమోనని జనానికి మళ్ళీ అనుమానం. అందుకని నేను డ్రైవరుతో, "మనిషి నడిచే స్పీడులో పోనీ బాబూ" అన్నాను. అలా కాలవ గట్టు మీద కారు పాకుతూ వెళ్తుంటే, రెండు కిటికీల పక్కనా టీచర్లు నడుస్తూ వంతులవారీగా అభ్యంతరాలు చెప్పారు. శ్రీధర్ గారు ఒళ్ళో కాగితాలు పెట్టుకుని ఇటు ఒకటి, అటు ఒకటి రాసుకుంటున్నారు. వెనక బస్సు ఒకటి హారన్ కొట్టి కొట్టి విసిగిపోయింది. బస్సు డ్రైవరు దిగొచ్చి ఇదేం ఊరేగింపని అడిగాడు. టీచర్ల నమోదు చట్టం మీద అభిప్రాయ సేకరణ అని చెప్పాను. "అయితే మా పిల్లాడి బళ్ళో లెక్కల మాస్టారు రావట్లేదండి, అది కూడా రాసుకోండి" అని ఆయన కూడా ఒకటి చెప్పి వెళ్ళాడు. అదీ రాసుకున్నారు.

మంగతాయారు మొదటి నుంచీ నా వైపు కిటికీ పక్కనే నడుస్తోంది. హ్యాండ్‌బ్యాగు గుండెలకి హత్తుకుని, చెమటలు కక్కుతూ, ఒక్క మాట మాట్లాడకుండా. కాలవ లాకుల దగ్గరికి వచ్చేసరికి అందరూ చెప్పేశారు, ఆవిడొక్కతే మిగిలింది. శ్రీధర్ గారు గమనించారు.

"ఈమె ఎవరు మేడం? ఇంత దూరం నడిచింది, ఏమీ చెప్పలేదే?"

నేను ఆవిడ సంగతంతా చెప్పాను. ఆయన విని, "అది మీరు చెప్పినారు మేడం. నేను రాసుకోవాలంటే ఆమె చెప్పాలి" అన్నారు. న్యాయమైన మాటే. ఆఫీసరు చెప్పింది ఆఫీసరు అభిప్రాయం అవుతుంది. దాన్ని పైన ఎవరూ చదవరు.

"చెప్పవే తల్లీ" అన్నాను.

మంగతాయారు వంగి కిటికీలోకి చూసి, "జాగ్రత్తగా ఎళ్ళిరండి సార్. జొన్నాడ దగ్గర లారీలెక్కువండి" అంది.

నేను దిగిపోయాను. కారు వెళ్ళిపోయింది. ఆ లాకుల మీద నిలబెట్టి ఆవిడని కడిగేశాను. "అందరూ నోరు విప్పితే నువ్వు బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోతావా? విమానం ఎక్కేది సత్తిరాజు గారా, నువ్వా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "కువైట్లో కాదంటే ఊరుకోరండి. ఇక్కడ కాదంటే బాగుండదండి. నేనెక్కడ చెప్పమంటారండి మరి?"

ఆవిడని ఆటో ఎక్కించి నేను బస్సు కోసం నిలబడ్డాను.

రెండో రాక

కారు కిటికీలో చెప్పిన మాటలు వృథా పోలేదు. కొన్నాళ్ళకి ముసాయిదా మారి వచ్చింది. అనుభవం ఉన్నవాళ్ళు సర్టిఫికెట్ లేకపోయినా ముందు తాత్కాలికంగా నమోదు కావచ్చు, పనిచేసుకుంటూనే ట్రైనింగు పూర్తి చేసుకోవచ్చు అన్నారు. నేను సంతోషంతో మావారికి కూడా చదివి వినిపించాను. తీరా చివరి వాక్యం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఆ అనుభవం "మధ్యలో విరామం లేకుండా" ఉండాలట.

ఇది ఎక్కడో కూర్చుని రాసినవాళ్ళకి చిన్న మాట. మన దగ్గర చిన్న మాట కాదు. మన ప్రైవేటు బళ్ళలో చెప్పే ఆడవాళ్ళని అడిగి చూడండి. కొన్నాళ్ళు బడి, కొన్నాళ్ళు కువైటో మస్కటో, మళ్ళీ బడి. ఆ ఒక్క మాటతో వాళ్ళందరూ తుడిచిపెట్టుకు పోతారు, అందరికంటే ముందు మంగతాయారు పోతుంది. శ్రీధర్ గారు ఆ మాట మీద అభిప్రాయాలు వినడానికి మళ్ళీ వస్తున్నారని కబురొచ్చింది.

మంగతాయారుని పిలిచి చెప్పాను. ఆవిడ ఈసారి కుర్చీలో కూర్చుంది. "వీసా వచ్చేసిందండి. ఈ వారంలో వస్తానో రానో చెప్పమన్నాడండి ఏజెంటు" అంది.

"ఏమని చెబుతావు?"

"ఇంకేముందండి. ఎళ్తాననే."

చెప్పు, మాట్లాడు అని నేను ఈసారి అనలేదు. విసిగిపోయాను, నిజం చెప్పాలంటే.

శ్రీధర్ గారు తెలివైన మనిషి, పాఠం నేర్చుకుని వచ్చారు. ఎంత నేర్చుకున్నారంటే, మండపం ముందు కారుని రోడ్డు వైపు తిప్పి పెట్టించి, ఇంజను ఆన్‌లో ఉంచి, అద్దం దించుకుని కారులోనే కూర్చున్నారు. "చెప్పండి" అన్నారు.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సారుకి ఒంట్లో బాగోలేదేమోనండి" అని మూర్తి మాస్టారు నా చెవిలో అన్నారు. సత్తిరాజు గారు కాఫీ పళ్ళెంతో కారు దగ్గరే నిలబడి, "దిగండి సార్, దిగండి" అని ఒకటే బతిమాలడం. శ్రీధర్ గారు నన్ను పిలిచారు.

"ఏం మేడం, ఎవరూ చెప్పడం లేదు? కారులోనే ఉన్నా కదా."

"కారులో ఉంటే చాలదు సార్, వెళ్ళిపోతూ ఉండాలి. మీరు ఇప్పుడే వచ్చారు."

"అట్లయితే వెళ్ళిపోనా?"

"రాకుండా ఎలా వెళ్ళిపోతారు సార్?"

ఆయన నిట్టూర్చి తలుపు తీసి ఒక కాలు కింద పెట్టారు. రెండో కాలు ఇంకా కారులోనే ఉంది. అప్పుడు జనంలోంచి మంగతాయారు ముందుకొచ్చింది.

"సార్, ఆ విరామం మాట తీసెయ్యాలండి. దానికి నేనొప్పుకోనండి."

ఉరుములేని పిడుగు పడినట్టయింది. సత్తిరాజు గారి చేతిలో పళ్ళెం ఒరిగి కాఫీ సాసర్లోకి ఒలికింది. "అమ్మాయ్, సారింకా దిగలేదు. ముందు కాఫీ అవనియ్యి" అన్నారు.

"కాఫీ అయితే నేను చెప్పలేనండి సత్తిరాజుగారూ" అని ఆవిడ మళ్ళీ శ్రీధర్ గారి వైపు తిరిగింది. "నేను సరదాకి ఎళ్ళలేదండి. ఇక్కడిచ్చే జీతం చాలక ఎళ్ళేను. అక్కడ నలుగురు పిల్లల్ని పెంచేనండి. కుదురుగా కూచోడం నేర్పేను, పేరు రాసుకోడం నేర్పేను. మా పిల్లకి మాత్రం ఏదీ నేర్పలేదండి, దాన్ని మా అత్తగారికి వదిలేసేను. తిరిగొచ్చి ఇప్పుడు నేర్పుకుంటున్నానండి. ఆ మాట ఉంటే నేను వచ్చే నెల మళ్ళీ ఎళ్ళిపోవాలండి. నాకు ఎళ్ళాలని లేదండి."

తరవాత వెనకనుంచి ఒకావిడ, "నేను మస్కట్ అండి. నేనూ ఒప్పుకోనండి" అంది. ఇంకొకావిడ, "నేను దోహా అండి" అంది. చీరలు సర్దుకుంటూ ఒక్కొక్కరే ముందుకొచ్చారు. శ్రీధర్ గారు ఒక కాలు లోపల, ఒక కాలు బయట అలాగే ఉండి, కారు తలుపు మీద కాగితం పెట్టి అందరివీ రాసుకున్నారు. చివరికి సత్తిరాజు గారు కూడా, "మరలాగైతే నాదీ ఒక మాట ఉందండి, కాఫీ చల్లారిపోతోంది గాని" అన్నారు.

అంతా అయ్యాక మంగతాయారు మండపం మెట్ల మీద కూలబడింది. శ్రీధర్ గారి కోసం తెచ్చిన కాఫీ తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

"చుట్టాన్ని గుమ్మంలోనే అనేసేనండి. తప్పు చేసేనా మేడంగారూ?"

"తప్పే" అన్నాను. "అవసరమైతే మళ్ళీ చెయ్యి."

ఏడుస్తూ తాగింది. చట్టం ఏమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా ఆ సాయంత్రమే ఏజెంటుకి రానని చెప్పి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చేసుకుంది. ఇదేం తొందరని నేను కోప్పడ్డాను. "ఇవాళైతే చెప్పగలనండి, రేపటికి చెప్పలేనేమోనని" అంది.

వరండా

చివరికి చట్టం వచ్చినప్పుడు అందులో ఆ మాట లేదు. ఎందుకు తీసేశారో పైవాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. మంగతాయారు పేరు తాత్కాలికంగా నమోదైంది. ట్రైనింగులో చేరి పనిచేసుకుంటూనే చదువుకుంటోంది. ఇంట్లో ఇప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ పరీక్షలకి చదువుతున్నారు, ఆటో నడిపే ఆయనే వంట చేస్తున్నాడు. కూర బాగోలేదని ఇద్దరూ మొహం మీదే చెబుతున్నారట.

రిటైరయ్యే ముందు నా ఆఖరి తనిఖీ సత్తిరాజు గారి బడికే పడింది. ఆయన ఎదురొచ్చి, బొండాం కొట్టించి, దగ్గరుండి ఒకటో తరగతి గదికి తీసుకెళ్ళారు. గుమ్మంలో అడుగు పెట్టబోయాను. బోర్డు దగ్గరున్న మంగతాయారు నన్ను చూసి నమస్కారం పెట్టి, నాలుగడుగుల్లో గుమ్మం దగ్గరికి వచ్చేసింది.

"ఇప్పుడు కాదండి మేడంగారూ. పిల్లలిప్పుడే కుదురుకున్నారండి. బెల్లయ్యాక రండి."

చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. సత్తిరాజు గారు సిగ్గుతో చచ్చిపోయారు. లోపలికి కేకేసి మళ్ళీ పిలవబోయారు, నేను ఆపాను. తనిఖీకి వచ్చిన నన్ను గదిలోకి రావద్దన్న టీచరు నా సర్వీసు మొత్తంలో మరొకరు లేరు. కోపం వచ్చిందా అంటే వచ్చింది. అలవాటు కదా. కానీ ఆ కోపం కింద ఎంత సంతోషం వేసిందో మావారికి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

కుర్చీ వేయిస్తానన్నారు, వద్దన్నాను. బెల్లు కొట్టేదాకా వరండాలోనే నిలబడ్డాను. మీ సర్వీసులో మిమ్మల్ని కూడా ఎవరైనా అలా నిలబెడితే, నిలబడండి.